రెండు మీటర్ల సాక్ష్యం

అక్క సంచి సర్దుతోంది. అన్నీ పాత బట్టలే. గొంతు దగ్గరి గ్రంథిలో పుట్టిన క్యాన్సర్‌కు చెల్లెలికి ఆపరేషన్ అయింది. మిగిలిన జబ్బును చంపడానికి రేడియోధార్మిక మందు తాగించి కొన్నాళ్లు ఒంటరి గదిలో ఉంచుతారు. లోపలికి వెళ్లిన బట్ట మళ్లీ బయటికి రాదని నర్సు ముందే చెప్పింది. అయినా అక్క చేతులు నిలవడం లేదు. పెట్టిన దువ్వెన తీస్తోంది, తీసిన దువ్వెన పెడుతోంది.

"ఇన్ని చీరలెందుకే? నన్ను అత్తారింటికి పంపుతున్నావా ఏంటి?" అంది చెల్లెలు. ఆమె బస్సు కండక్టరు. అంత ఆపరేషనైనా గొంతు తగ్గలేదు.

"నోర్ముయ్. చలేస్తే అక్కడెవరిస్తారు?"

ఆసుపత్రిలో టెక్నీషియన్ సీసపు పలక వెనక నిలబడి మందు సీసాను దాని బలం కొలిచే మీటరులోకి దించాడు.

"చిల్లర సరిగ్గా చూసివ్వు బాబూ!" అంది చెల్లెలు.

"నిశ్చింతగా ఉండండమ్మా. ఒకటి కాదు, రెండు మీటర్లలో చూస్తాం. రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయి."

ఇద్దరు ఒకే మాట చెబితే నిజమే అనుకుంటాం మనమందరం. అక్క కూడా అలాగే అనుకుంది.

చెల్లెలు ఇంటికొచ్చి మళ్లీ బస్సెక్కింది. కానీ ఏడాది తిరిగేసరికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. "మందు పూర్తిగా ఇచ్చారుగా, మరెందుకిలా?" అని అక్క అడిగినప్పుడల్లా "ఒక్కొక్కరి ఒంటి తత్వం" అన్నారు డాక్టర్లు. ఇలాంటి రోగులు మరికొందరు కనబడ్డాక పెద్ద డాక్టరమ్మకు అనుమానమొచ్చింది. పెద్ద ప్రయోగశాల నుంచి కొత్త నమూనా తెప్పించి మీటర్లను పరీక్షించింది. అక్కను పిలిచి కూర్చోబెట్టింది.

"మీటరుకు తనంతట తనకేమీ తెలియదమ్మా. బలం ఇంతని తేలిన నమూనాను చూపించి దాన్ని సరిచేస్తాం. ఆ నమూనాను అంతకంటే నమ్మకమైనదానితో, దాన్ని ఇంకా పైదానితో, అలా దేశ ప్రమాణం దాకా పోల్చి ఉండాలి. మా నమూనా మూతబడ్డ ఆసుపత్రి సామానుతో కలిసి వచ్చింది. దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగలేదు. రెండు మీటర్లనూ దానితోనే సరిచేశాం. రెండూ ఒకే తప్పు చెప్పాయి, ఉన్నదానికంటే ఎక్కువ చూపించాయి. మీ చెల్లెలికి మూడో వంతు మందు తక్కువ పడింది."

"పూర్తిగా పడుంటే?"

"నయమయ్యేదని ఒట్టేయలేను. ఆ అవకాశాన్ని మాత్రం మేమే పోగొట్టాం."

"అదేంటమ్మా! పిల్లనివ్వాలంటే ఏడు తరాలు ఆరా తీస్తారే, ప్రాణాన్ని కొలిచేదాన్ని అడగరా?"

డాక్టరమ్మ తల దించుకుంది. "అడగాలి. ఒకే చోట తప్పు నేర్చిన ఇద్దరి మాట కలిస్తే అది రుజువు కాదు. మూలం చెప్పలేని కొలతతో ఎవరికీ మందు పోయకూడదు."

సరిచేసిన మీటరుతో కొలిచి రెండోసారి మందిచ్చారు. అప్పటికే ఆలస్యమైంది. మళ్లీ ఆ ఒంటరి గదిలోకి నడిచి వెళ్లిన చెల్లెలు ఇంటికి తిరిగి రాలేదు. మొదటి మందు తాగిన రెండో ఏట, వానాకాలం మొదట్లో ఒక సోమవారం పొద్దున పోయింది.