బరువెక్కిన ఫ్లోటు

కోటబొమ్మాళి దాటాక జోగయ్య అంబాసిడరు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. వెనక సీట్లో అతని భార్య చిన్నతల్లి, ఉబ్బిన పాదాలు చెప్పుల్లో పట్టక వట్టికాళ్లతో, తలుపుకి ఆనుకుని ఉంది. పదకొండింటికి శ్రీకాకుళం ఆసుపత్రిలో డయాలసిస్. వేళ దాటితే మంచం ఇంకొకరికి పోతుంది. మూడు రోజులుగా ఒంట్లో చేరిన నీటికి ఆమెకు ఊపిరి ఆడటం లేదు. బస్సు కుదుపులకి ఓర్చుకోలేదనే ఈ ముసలి బండిని నమ్ముకున్నాడు.

బండేమో పెట్రోలు తాగేస్తోంది. ఒకప్పుడు లీటరుకి పదకొండు కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు ఐదుకే ఏడుస్తోంది. ఎయిర్ ఫిల్టరు మార్చాడు. కార్బొరేటర్‌లో పెట్రోలు చిమ్మే జెట్టుని ఊది శుభ్రం చేశాడు. స్క్రూ పావు చుట్టు అటూ ఇటూ తిప్పి తిప్పి విసిగిపోయాడు. టెక్కలి మెకానిక్కు ధనరాజ్ "తూకానికి అమ్మేసీ మావా" అని చేతులు దులుపుకున్నాడు.

బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు నల్లగా, తడిసి ఉన్నాయి. తువ్వాలుతో తుడిచి బిగించి తాళం తిప్పాడు. నల్లటి పొగ కక్కి మళ్లీ ఆగింది. బ్యాటరీ కూడా మూలుగుతోంది. ఇంకొక్కసారికే వస్తుందేమో.

"బాగయ్యిందా మావా?" అంది వెనక నుంచి చిన్నతల్లి.

"అవుతాది. నువ్వు మాటాడకు, ఆయాసం వస్తాది."

"మాటాడకపోతే సచ్చిపోనాననుకుంటావని మాటాడతన్నాను."

జోగయ్య కార్బొరేటర్ పక్క గిన్నె మూత విప్పాడు. పెట్రోలు నిండగానే పైకి తేలి దారి మూసెయ్యాల్సిన ఇత్తడి ఫ్లోటు అడుగున పడి ఉంది. ఫ్లోటు తేలితే దారికి అడ్డుపడే సూది ఇరుక్కుందేమోనని దాన్ని తుడుస్తూ, ఫ్లోటుని పట్టుకోమని వెనక కిటికీలోంచి ఆమెకిచ్చాడు. ఇరవై ఏళ్లు చేపల వలలు తేలేందుకు బెండ్లు కట్టిన చెయ్యి ఆమెది. అలవాటుగా చెవి దగ్గర ఊపింది.

"ఇందులో ఏదో ఉన్నాది."

"ఏటుంటాది, రేకు డొల్ల అది."

"డొల్లయితే గలగలమంటాదేటి? నీళ్లు దూరిన ప్లాస్టిక్ బెండు వలని కిందకి లాక్కుపోతాది, నాకు తెల్దా? ఇదీ నాలాగే. ఒళ్లంతా నిండిపోనాది."

జోగయ్య లాక్కుని ఎండలో తిప్పి చూశాడు. అతుకు దగ్గర వెంట్రుకంత పగులు, అందులోంచి పెట్రోలు దూరి ఫ్లోటు మునిగిపోతోంది. ఆర్నెల్లుగా అన్నీ విప్పాడు, దీన్నొక్కదాన్నీ ఊపి చూడలేదు. ఆమె పుస్తెలతాడుకున్న పిన్నీసుతో చిల్లు పొడిచి, పెట్రోలంతా కార్చాడు. పెట్రోలుకి కరగదని ఆసుపత్రి సంచిలోని సబ్బు గీరి, పగులుకీ చిల్లుకీ గట్టిగా మెత్తాడు.

ఫ్లోటు బిగించి, ప్లగ్గులు మళ్లీ తుడిచి తాళం తిప్పితే ఇంజను అందుకుంది. నల్లటి పొగ లేదు. అయినా అప్పటికే పదీ నలభై.

ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి పదకొండూ నలభై.

"అరగంట చూశామండీ, ఇంకొకరికి పెట్టేశాం" అంది నర్సు హేమ. చిన్నతల్లిని బెంచీ మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ తగిలించింది. "రెండింటికి మంచం ఖాళీ అవుతుంది. కానీ ఎప్పట్లా నాలుగ్గంటలు కుదరదు, రెండే."

"రెండైతే రెండు" అంది చిన్నతల్లి.

రెండింటికి ఇంకా రెండుగంటల పైనే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆమె భుజాలు ఎగురుతున్నాయి. జోగయ్య పక్కన కూర్చుని, పెట్రోలు కంపు కొట్టే చేతులు ఆమెకి తగలకుండా వెనక్కి పెట్టుకున్నాడు.