సుమ ఎత్తిన కాలు

హిందూపురంలోని మా షెడ్డులో ఇత్తడి దీపాలకు మెరుగు పెడతాం. పొరలు పొరలుగా కుట్టిన గుడ్డ చక్రం మోటారుకు బిగించి ఉంటుంది. అది గిర్రున తిరిగేటప్పుడు దీపాన్ని ఆనిస్తే నలుపు పోతుంది. గాజులు, వేలాడే కొంగు, గుడ్డ తొడుగులు ఏవైనా సరే, దానికి చిక్కితే చేతిని కూడా లాగేసుకుంటుంది.

ధర్మవరం నుంచి వచ్చిన సుమ మొదటిరోజే గాజులు తీసింది, కొంగు బిగించింది, కళ్లద్దాలు పెట్టుకుంది. అయినా చక్రం అంచున దారం లేస్తే చాలు, ఆమె చేయి పీకడానికి పోయేది. రెండోసారి వేలి చర్మం లేచిపోయింది. ఇంకొకసారి చేయి పెడితే పనిలోంచి తీసేస్తానని మేస్త్రి కొండప్ప చెప్పేశాడు. ఇంట్లో మగ్గం నిలిచిపోయి ఏడాదయింది. ఆమెకు ఈ పనే ఆధారం.

పక్కన పనిచేసే నేను ఎంత చెప్పినా తల ఊపేది, చేయి మాత్రం పోయేది. ఎందుకో నాకు అంతుపట్టలేదు. మర్నాడు నేను ఆమె మోటారు స్విచ్చు పక్కనే నిలబడి, చేతిని కాకుండా మనిషి మొత్తాన్ని గమనించాను. దారం లేచింది. చేయి కదలకముందే కుడికాలు నేలమీంచి లేచింది.

వెంటనే స్విచ్చు ఆపి, ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"కాలెందుకు ఎత్తితివి సుమా?"

ఆమె కిందికి చూసుకుంది. "ఎత్తినానా? పోగు తెగితే కాలు తీస్తాం కదక్కా. కాలు తీస్తే మగ్గం నిలబడతాది."

మేం మాట్లాడుతుండగా చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. మోటారు ఆపినా అది వెంటనే ఆగదని నేనూ ఎన్నడూ పట్టించుకోలేదు.

తొక్కితే మోటారు తిరిగి, కాలు తీస్తే ఆగే స్విచ్చు పెట్టించమని కొండప్పను అడిగాను.

"ఏమ్మా జయమ్మా, కాళ్లు దించుకోని కూర్చునేదానికి మగ్గం గుంత గూడా తవ్వించాల్నా?" అన్నాడు.

ఎగతాళి చేసినా ఎలక్ట్రీషియన్ అమర్‌నాథ్‌ను పిలిపించాడు. స్విచ్చు బిగించాక సుమ దీపం పట్టుకుంది. కాసేపటికి దారం లేచింది. కాలు తీసింది, దీపం పక్కన పెట్టి, చక్రం ఇంకా తిరుగుతోందని చేతులు వీపు వెనక కట్టుకుంది. నేను లెక్కపెట్టాను. పదికి చక్రం నెమ్మదించింది. ఆమె భుజం కదిలింది కానీ చేతులు విడలేదు. పందొమ్మిదికి చక్రం పూర్తిగా నిలిచింది. అప్పుడు ఆమె దారం పీకింది.

కొండప్ప తనే తొక్కి, కాలు తీసి, మరోసారి లెక్కపెట్టి చూశాడు.

"రేపు ఎనిమిదికే రా సుమా," అన్నాడు.