స్టాక్ లేదన్నాడు

మందుల షాపు గిరిధర్, పూజ ఫోన్ తీసుకుని అందులోని మందుల చీటీని రెండోసారి చదివాడు. విశాఖపట్నం డాక్టరమ్మ ఆ ఉదయమే వీడియోలో మాట్లాడి పంపిన చీటీ అది. దీవిలో గోల్ ఘర్ పేటలోని ఆ షాపులోనే పూజ ఇంట్లోవాళ్లు ఆమె చిన్నప్పటినుంచి జ్వరం మందులు కొంటున్నారు.

"ఎవరికి బేటీ ఇవి?"

"నాకే."

"షాదీ ఎప్పుడయింది?"

షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. పూజ ముఖం భగ్గుమంది. "కాలేదు. నాకు ఇరవై ఏళ్లు. చీటీ ఉంది కదా అంకుల్, ఇవ్వండి."

ఆ చీటీ ఊరికే రాలేదు. ముందు ఊళ్లో ఒక క్లినిక్‌కి వెళ్తే, డాక్టరు స్కానింగ్ చూసి, గర్భం తొలి వారాలే, తీసెయ్యడానికి మందులు చాలన్నాడు. అవి రాయాలంటే మాత్రం భర్తను తీసుకురమ్మన్నాడు. భర్త లేడంటే తండ్రిని తెమ్మన్నాడు. దీనికి కారణమైన శ్రీహర్ష అప్పటికే ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి విశాఖ డాక్టరమ్మ దొరికింది. అన్నీ ఓపిగ్గా అడిగి, "నువ్వు మేజర్‌వి, నీ ఒప్పుదల ఒక్కటే చాలు" అంది. రక్తం మరీ ఎక్కువగా పోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలని పూజ చేత తిరిగి చెప్పించుకుంది. మందులు ఇంటికి పంపే కంపెనీ మాత్రం, ఈ దీవులకు పంపలేమంది.

గిరిధర్ తన ఫోన్ తీశాడు. "అరుణ దీదీ, ఒకసారి షాపుకి రండి. మీ పూజ సంగతి."

"అంకుల్! ఎవరడిగారు మిమ్మల్ని?"

"నీ మంచికే బేటీ."

పూజ తల్లి అరుణకుమారి ప్రోతరాపూర్‌లో టీచరు. బడి నుంచి తిన్నగా ఆటోలో వచ్చింది. దెబ్బ పడుతుందని పూజ గోడకు ఆనుకుంది. తల్లి ఫోన్ తీసుకుని చీటీ చదివింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"కొడతావని."

అరుణకుమారి ఫోన్‌ని కౌంటరు మీద పెట్టింది. గిరిధర్ వైపు తిరిగింది. "మందియ్యి భయ్యా."

"పెళ్లికాని పిల్లకి ఇలాంటివి ఎలాగిస్తాను దీదీ?"

"మా చెల్లి గవరమ్మ గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదు? సునామీలో పోయింది, పాపం బిచారీ."

"సునామీలో పోలేదు!" ఆమె గొంతు రోడ్డు మీదికి వినబడింది. "హట్‌బేలో అలొచ్చినప్పుడు నా చెయ్యట్టుకుని కొండెక్కింది. బతికింది. తర్వాత ఇక్కడ క్యాంపులో, రేకుల షెడ్డులో ఉన్నప్పుడు నెల తప్పింది. పెళ్లి కాలేదని ఒక్కరూ మందియ్యలేదు. ఎవత్తో నాటుమందు తాగించింది. రక్తం పోయి నా ఒళ్లోనే సచ్చిపోయింది. పరువు పోతాదని దాని చావుని అల మీదకి తోసేశాం. ఇప్పుడు నా కూతురి చావుని దేని మీదకి తోసెయ్యమంటావు?"

గిరిధర్ మందుల బీరువా వైపు చూశాడు. చెయ్యి మాత్రం కదల్లేదు.

"స్టాక్ లేదు దీదీ."

"లేకపోతే అమ్మనెందుకు పిలిచావు?" అని పూజ అరిచింది. తన ఫోన్ లాక్కుని బయటికి నడిచింది.

తల్లీకూతుళ్లు మిన్నీ బే దగ్గర ఇంకో షాపుకి వెళ్లారు. అక్కడి అమ్మాయి చీటీ చదివి, డాక్టరమ్మకి ఫోన్ చేసి సరిచూసుకుని, మందులు కవర్లో పెట్టి ఇచ్చింది. ఇంకేమీ అడగలేదు. ఇంత చిన్న పనికా ఇన్నాళ్లు ఏడిపించారని పూజకు ఒళ్లు మండిపోయింది.

మందులు వేసుకున్నాక కడుపు మెలిపెట్టేసింది. తల్లి వేణ్ణీళ్ల సంచీ కాపడం పెడుతూ పక్కనుంచి లేవలేదు. డాక్టరమ్మ వీడియోలో పలకరిస్తూనే ఉంది. నొప్పి తగ్గాక పూజ అడిగింది. "ఏటేటా పిన్ని ఫోటోకి దండేసి, సునామీ అని నాకెందుకు చెప్పావు?"

"సునామీ అంటే ఇంకెవరూ ఏటీ అడగరు."

"నిజం చెప్పి ఉంటే మొదట నీ దగ్గరికే వచ్చేదాన్ని కదమ్మా! ఆ గిరిధర్ ముందు నిలబడేదాన్నా?"

పూజ అటు తిరిగి పడుకుంది.

డాక్టరమ్మ చెప్పినట్టు మళ్లీ స్కానింగ్ తీయిస్తే గర్భం పూర్తిగా పోయిందని, అంతా బాగుందని తేలింది. పూజ కాలేజీకి వెళ్లసాగింది. కొన్నాళ్లకు బస్సులో షాపు గొడవ విన్న ఒక జూనియర్ పక్కన కూర్చుని, "దీదీ, ఆ డాక్టర్ నంబరు..." అని ఆగిపోయింది. కళ్లనిండా భయం.

పూజ నంబరు ఇచ్చింది. "మందులకి ఒక్కదానివే వెళ్లకు. నేనొస్తాను. మా అమ్మని కూడా తెస్తాను. బాగా అరుస్తుంది."