మూలింటి చరణం

ధనుర్మాసం వచ్చిందంటే వడమాలపేట బజారువీధిలో తెల్లవారుజామున నిద్రపోవడం ఎవరి తరమూ కాదు. మునస్వామి భజన గుంపు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పాడుకుంటూ పోతుంది. ముందు నడిచే మునస్వామి చరణం ఎత్తుకుంటాడు, వెనకున్నవాళ్ళు పల్లవి అందుకుంటారు. చరణాలు ముందువాడి సొత్తు, పల్లవి మిగతావాళ్ళది. మునస్వామికి ముందు వాళ్ళ నాయన, ఆయనకు ముందు ఆయన నాయన, ఇదే పాట, ఇదే వీధి. పాటను కాగితం మీద పెట్టనిచ్చేవాడు కాదు మునస్వామి నాయన. రాసుకుంటే నోటికి సోమరితనం వస్తుందనేవాడు.

ఒకప్పుడు వెనక పాడేవాళ్ళకు వీధి చాలేది కాదు. ఇప్పుడు వాళ్ళందరినీ ఒక ఆటోలో ఎక్కించొచ్చు, ఇంకా డ్రైవరు పక్కన చోటు మిగులుతుంది. కుర్రాళ్ళు రేణిగుంట ఫ్యాక్టరీల షిఫ్టుల్లో పడిపోయారు. భజన బయల్దేరే వేళకు కొందరు బస్సు దిగుతుంటారు, కొందరు ఎక్కుతుంటారు. ఎదురుపడితే ఒక దండం పెట్టి, ఒక ఆవులింత తీసి పోతారు.

ఈ ఏడు గుడి కమిటీ పెద్ద యోగానంద మునస్వామి ఇంటికొచ్చి, కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టేటప్పుడు అసలు మాట బయటపెట్టాడు.

"స్వామన్నా, ముక్కోటి ఏకాదశి నాటికి వెనక పాడేదానికి మనుషులు కుదరకపోతే మైకుసెట్టు పెట్టేస్తాం. పెన్‌డ్రైవులో పాటలు ఎక్కించుకోనొచ్చినా. మద్రాసోళ్ళు పాడినారు, బాగుండాయి."

"మద్రాసోళ్ళకి మన వీధి ఎట్ల తెలుస్తాది?"

"పాటకి వీధితో ఏం పనన్నా?"

మునస్వామికి ఒళ్ళు మండింది. వంటింట్లోంచి ఆయన భార్య మునిలక్ష్మి జవాబు చెప్పింది. "మనుషులే గదా కావాల? ఆడోళ్ళమంతా ఆ టయానికి వాకిట్లో ముగ్గులేస్తానే ఉంటాం. మేం పాడతాం."

యోగానంద తల గోక్కున్నాడు. ఆడవాళ్ళు భజనలో నడవకూడదని ఎవరూ చెప్పలేదు, నడిచినవాళ్ళూ లేరు. అడ్డం పడింది మునస్వామే. "మా నాయన కాలం నుంచి అది మగోళ్ళు నడిసే భజన," అన్నాడు. మునిలక్ష్మి మొగుణ్ణి ఎగాదిగా చూసింది. ఆ మనిషి ఏ పనికీ వాళ్ళ నాయనను ఇంత గట్టిగా అడ్డం పెట్టుకున్నది ఆమె ఎరగదు.

అసలు సంగతి వేరే ఉంది, అది మునస్వామికి తప్ప ఎవరికీ తెలియదు. పాటలో ఒక చరణం ఆయన మర్చిపోయాడు. రెండేళ్ళ కిందట ఒక పొద్దున వీధి మూల తిరుగుతూ నోరు తెరిచాడు, ఒక్క మాటా రాలేదు. చేతిలో తాళాలున్నాయి గనక బతికిపోయాడు. వాటిని దబదబా మోగించాడు. మద్దెల ధనంజయ అదేదో కొత్త తీరనుకుని తానూ రెచ్చిపోయాడు. ఆ మోతలో మూల దాటేశారు. మరునాడూ అంతే. అప్పటినుంచి మూల రాగానే వీధి అదిరిపోతుంది. వెనకవాళ్ళకు చరణాలతో పనిలేదు గనక ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళు అట్లా కాదు, నేర్పమంటారు, మొదలు నుంచి చివరిదాకా చెప్పమంటారు. పాట మర్చిపోయినవాడు ఇంక ముందెట్లా నడుస్తాడు? ఆ భయం మునస్వామిని లోపల్లోపల తినేస్తోంది.

ఆడవాళ్ళు ఆయన ఒప్పుకోలు కోసం ఆగలేదు. సాయంత్రానికి గుడి మండపంలో చేరిపోయారు. నేర్పేదేమీ లేదన్నారు, కాపురానికొచ్చినప్పటి నుంచీ వింటున్నామన్నారు. సరే పాడండి అన్నాడు మునస్వామి. అక్కడ మొదలైంది తమాషా.

వాళ్ళకు పాట వచ్చిన మాట నిజమే. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కొక్క చరణమే వచ్చు. నడక మారదు, పాట మారదు, కాబట్టి ఏ ఇంటి ముందు పాడే చరణం ఆ ఇంటి ముందే ఉండిపోయింది. గుడి పక్కవాళ్ళకు కోడి కూసే చరణం తెలుసు. రేషన్ షాపు దగ్గరివాళ్ళకు ఆవు పాలు చేపే చరణం తెలుసు. నాలుగిళ్ళ అవతలి చరణం అడిగితే, అది మాది కాదన్నారు.

పైగా వాకిట్లో వినబడిందంతా పాటే అనుకున్నారు. వసంతమ్మ ఇంటి ముందు మురిక్కాలువ ఉంది. దాన్ని దాటేటప్పుడల్లా మునస్వామి గొంతు ఒక్క ఎగురు ఎగిరేది. వసంతమ్మ "గోవి" దగ్గర ఆగి, "హుప్" అని, ఆ తర్వాత "ందా" అంది. కాలువ లేని మండపంలో కూడా కాలెత్తి మరీ అంది.

"ఆ హుప్పేందమ్మా?" అన్నాడు ధనంజయ.

"పాటలో ఉండేదే గదప్పా. నేనేమన్నా కలిపినానా?"

మునిలక్ష్మి వంతు వచ్చింది. కళ్ళు మూసుకుని భక్తిగా ఎత్తుకుంది.

"పాలకడలి పైన పవళించినోడా,
పాలు పొయ్యి మీద పెట్టు, వస్తా ఉండా..."

మండపం ఘొల్లుమంది. ఏళ్ళ తరబడి తన ఇంటి ముందు నడుస్తూ, రాగం చెడకుండా పెళ్ళానికి కాఫీ పురమాయిస్తున్నది మునస్వామే.

"అది నీకు చెప్పిన మాట గదే. పాట కాదు," అన్నాడాయన.

"నాకేం తెలుసు? పాటలో పెట్టమంటా ఉండారు గదా అని నేను పెడతా ఉండా," అంది మునిలక్ష్మి.

నవ్వులు సద్దుమణిగాక అందరూ ఇళ్ళ వరుసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు పాడారు. పాట వీధిలో నడిచినట్టే నడిచింది. మూల దగ్గరకొచ్చేసరికి ఆగింది, అక్కడ నిలబడే మనిషి లేదు. మూలిల్లు సంతోషమ్మది. ఆమె చర్చిలో పాటలెత్తుకునే మనిషి. ఆమెను భజనకు పిలవాలని ఎవరికీ తోచలేదు. అందరూ మునస్వామి వైపు చూశారు. ఆయన తాళాలు తీసి చెవులు గింగురుమనేలా మోగించాడు.

"ఈడ ఇంతే," అన్నాడు.

ఇంటికి పోతూ మునిలక్ష్మి మెల్లగా అడిగింది. "మూలకాడ ఏదో చరణం ఉండేది గదయ్యా?"

"ఉండేదిలే," అని ఆయన నాలుగడుగులు ముందుకేశాడు.

ముక్కోటి నాడు భజన బయల్దేరింది. యోగానంద పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వెనకే వచ్చాడు. ఒక్కో వాకిట్లో ఒక్కో ఆడమనిషి ముగ్గుచిప్ప పక్కన పెట్టి, తన చరణం తాను పాడి గుంపులో కలిసింది. హుప్పు సరిగ్గా కాలువ మీదే పడింది గనక అందంగానే ఉంది. గుంపు పెరిగేకొద్దీ మునస్వామికి ఒకవైపు సంతోషం, ఒకవైపు మూల దగ్గరపడుతోందన్న దడ.

మూల రానే వచ్చింది. ఆయన తాళాలు ఎత్తాడు. ముగ్గుపిండి అంటిన చేత్తో మునిలక్ష్మి ఆయన మణికట్టు పట్టుకుంది.

"వద్దు," అంది.

మూలింటి గేటు లోపల సంతోషమ్మ శాలువా కప్పుకుని నిలబడి ఉంది.

"కొట్టండన్నా. రెండేండ్లుగా కొడతానే ఉండారు గదా," అంది. ఆ గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "ముందర మా ఇంటికాడ కూడా పాడేవోళ్ళు. ఆ పాట కోసరమే నేను ఈ గేటుకాడ నిలబడేదాన్ని. మేం చర్చికి పోతామని నిలిపేసినారా? నిలిపేస్తే నిలిపేసినారు, ఆ మాట చెప్పుంటే నేను లోపలే ఉండేదాన్ని."

మునస్వామికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన పరువు దాచుకోవడానికి చేసిన మోత ఈ గేటు లోపల ఏమని వినబడిందో ఇన్నాళ్ళూ తట్టనే లేదు. వెనక యోగానంద ఉన్నాడు. ఊరంతా ఉంది. నిజం చెబితే పెద్దరికం పోతుంది. చెప్పకపోతే ఈ ఆడమనిషి మనసులో ఆ ముల్లు అట్లాగే ఉండిపోతుంది.

"అది కాదు సంతోషమ్మా," అన్నాడు. "నేను మర్చిపోయినాను. ఆ చరణం నాకు రాదు."

ధనంజయ చెయ్యి మద్దెల మీదనుంచి జారింది. "మరి కొత్త తీరు అనుకుంటిమే?"

"తీరూ లేదు, పాడూ లేదబ్బా. మర్చిపోయినాను."

సంతోషమ్మ ఆయన మొహంలోకి చూసింది. "అంతేనా అన్నా?" అంది. గేటు తీసుకుని వీధిలోకొచ్చి, శాలువా సర్దుకుని, చర్చిలో అలవాటైన తీరున చివరి మాటలు సాగదీస్తూ ఎత్తుకుంది.

"మా వాకిట నిలిచి, మా పేరు పిలిచి,
మాతోటి రెండడుగులు నడిచిరావయ్యా..."

మునస్వామి కళ్ళు నిండిపోయాయి. వాళ్ళ నాయన పాడిన ఆ మాటలు మళ్ళీ చెవిన పడ్డాయి. భజనకు ముందు నడవడం మొదలెట్టాక మొదటిసారి ఇంకొకరు చరణం పాడుతుంటే ఆయన వెనక నిలబడి పల్లవి అందుకున్నాడు. వెనక వీధంతా అందుకుంది. కాసేపటికి యోగానంద గొంతు కూడా వినబడింది, శ్రుతి తప్పుతూనే. మైకుసెట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజంతా మునస్వామి ఆ చరణాన్నే నెమరేసుకున్నాడు. స్నానంలో పాడాడు, అన్నం తింటూ పాడాడు. మరునాడు మూల తిరిగి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. తాళాలు మాత్రం ఎత్తలేదు.

"మళ్ళీ పోయిందమ్మా," అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

సంతోషమ్మ అప్పటికే గేటు బయట నిలబడి ఉంది. "పోతే పోనీలే అన్నా," అంది. "మీరు రోజూ ఈడిదాకా రండి సాలు. నేను ఉంటా గదా."

అని చరణం ఎత్తుకుంది.