నూటారు పౌన్ల చోటు

ఎమెట్‌కి చెప్పి చెప్పి నోరు నొచ్చింది. పదిహేడేళ్ళవాడు. నిరుడు కుస్తీ పోటీల్లో బరువు తగ్గాలని మూడు రోజులు నీళ్ళు మానేసి పడిపోతే, మూత్రపిండాలు దెబ్బతిని ఆట మూలపడింది. అప్పట్నించీ బడి నర్సమ్మ కోవాక్, "నేను చెబితే చెవికెక్కదు, నువ్వైతే వాళ్ళలో ఒకడివి" అంటూ చేతికి మూత్రపిండాల పటాలిచ్చి, ప్రతి మంగళవారం చిన్న తరగతుల కుస్తీ పిల్లల ముందు నిలబెడుతోంది. వాళ్ళు వింటేగా!

"డాక్టరుగారొచ్చార్రోయ్! ఉచ్చ సీసాలు తీయండి!" అని ఒకడంటే తక్కినవాళ్ళు విరగబడి నవ్వుతారు.

ఆ మంగళవారమూ అంతే. పటాలు చుట్టుకుని పోతుంటే బాయిలర్ గదిలో ఏదో చప్పుడైంది. తలుపు తోశాడు. పద్నాలుగేళ్ళ టకర్, ఒంట్లో నీరంతా చెమటగా పోవాలని చొక్కా కింద ప్లాస్టిక్ చెత్తసంచీ తొడుక్కుని వ్యాయామం సైకిలు తొక్కుతున్నాడు. చూయింగ్ గమ్ నములుతూ, ఊరిన ఉమ్మంతా సీసాలోకి ఉమ్ముతున్నాడు.

"నీళ్ళెప్పుడు తాగావురా?"

"నిన్న పొద్దున. రేపు సాయంత్రం తూకంలో నూటారు పౌన్లు దాటితే నా చోటు పోతుందన్నా. ఆ బరువులో మన జట్టుకి నేనొక్కణ్ణే."

"దిగు."

"పటం చూపిస్తావా?" టకర్ నవ్వబోతే ఎండిన పెదవి చిట్లింది. "ఈ గమ్ము కిటుకు నేర్పింది నువ్వేగా, నిరుడు బస్సులో."

నేర్పాడు. మీసం మెలేసినంత గర్వంగా నేర్పాడు. ఎమెట్ పటాలు కింద పడేసి, బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

"మూడోరోజు ఉచ్చ కాఫీ రంగులో వచ్చిందిరా. అమ్మ చూస్తుందని గబగబా నీళ్ళు వదిలేశా. ఇప్పటికీ రోజుకి మూడు మాత్రలు. మా నాన్న నన్ను గడ్డిమోపు కూడా ఎత్తనివ్వడు. సిగ్గేసి ఇవేవీ మీకు చెప్పలేదు."

సైకిలు చక్రం మెల్లగా ఆగింది.

"మరి జట్టు?"

"ఓడిపోతుంది."

"నన్ను చంపేస్తారు."

"నన్ను కూడా. తాగు," అంటూ ఎమెట్ తన నీళ్ళ సీసా అందించాడు.

టకర్ గమ్ము ఉమ్మేసి, గుటక గుటకగా తాగాడు.

మర్నాడు తూకంలో నూటెనిమిది తూగాడు. కుస్తీ పట్టకుండానే ఆరు పాయింట్లు అవతలివాళ్ళకి పోయాయి. జట్టు నాలుగు పాయింట్లతో ఓడింది. టకర్‌చేత నీళ్ళు తాగించింది ఎమెటేనని అందరికీ తెలిసిపోయింది. టకర్‌కి తోడుగా వెళ్ళిన ఎమెట్ పక్కన తిరుగు బస్సులో ఎవరూ కూర్చోలేదు. ఒకడు వాడి సీటుని కావాలనే తన్నుకుంటూ పోయాడు. ఎమెట్ తిరిగి చూడలేదు. ఓపిక లేదు.

సగం దారిలో వెనక సీటులోంచి గ్రాడీ వంగాడు. జట్టులో అందరికంటే బండవాడు.

"ఒరేయ్, ఎవరికీ చెప్పకు. నాకు నాల్రోజులుగా నడుం పోటు. ఇది కూడా నీకొచ్చిన జబ్బేనంటావా?"

ఎమెట్‌కి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"నాకు తెలీదు. పొద్దున్నే నర్సమ్మ దగ్గరికి పోదాం, నేనూ వస్తా," అని పక్కకి జరిగి చోటిచ్చాడు.