కోడలు తుడిచేసిన మాట

కోడలికి శుభ్రం పిచ్చి. పిల్ల కోసం మానేసిన ఉద్యోగంలో మళ్ళీ చేరి, ఇంట్లోంచే పని మొదలుపెట్టిన కొత్తలోనే, ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ని కూడా వంటింటి గట్టులా తుడిచిపెట్టింది. డ్రైవరంటే కంప్యూటరు చెప్పే పనిని కార్డుకి అందించే ప్రోగ్రామ్. పనిలేనప్పుడు కార్డు కునుకు తీస్తుంది. దాన్ని లేపాక "కార్డు లేచింది" అని చిట్టాలో రాసే లైనొకటి అందులో ఉండేది. ఎవరూ చదవని మాట. దండగని పీకేసింది.

అప్పట్నుంచీ కునుకు తీసిన కార్డు ఉలకదు, పలకదు.

"ఆ లైను మళ్ళీ పెట్టేయండి మేడమ్. సాయంత్రం కొత్త వెర్షన్ వెళ్ళిపోవాలి," అన్నాడు టీమ్ లీడర్ ఫోన్లో.

"అది ఎందుకు పనిచేస్తోందో తెలియకుండానా?"

"పనిచేసేదాన్ని ఎందుకని అడక్కూడదు మేడమ్." మెత్తగా అన్నాడు. "చాలా గ్యాప్ వచ్చింది కదా. కొన్నాళ్ళు తేలిక పని చూసుకుంటారా?"

ఆ మెత్తదనమే ముల్లులా దిగింది. సాయంత్రంలోగా కారణం చెప్పలేకపోతే ఇక డ్రైవర్ల గడప తొక్కనివ్వరని ఆమెకి అర్థమైంది.

పక్కగదిలో అత్తగారు కుళాయిని తిడుతున్నారు.

"అత్తయ్యా, దణ్ణం పెడతాను, కాసేపు మాట్లాడకండి."

"నోరు మూసుకోమనేగా? దానికి దణ్ణాలెందుకమ్మా!" అని ఆవిడ మూతి ముడిచారు.

కోడలు లైను పెట్టింది. కార్డు లేచింది. తీసేసింది. లేవలేదు. "కార్డు లేచింది" బదులు "నా తలకాయ" అని రాసి చూసింది. బుద్ధిగా లేచింది! అయితే మహిమ మాటలో లేదు. మరెక్కడుంది? తెరకేసి చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి గానీ జవాబు దొరకలేదు.

ఇంతలో హాల్లో కప్పు పగిలిన చప్పుడు. పరుగెత్తింది. పడక్కుర్చీలో మామగారు ఒడినిండా టీతో లబోదిబోమంటున్నారు.

"తట్టి లేపాను. ఊ అన్నారు. ఇచ్చాను," అన్నారు అత్తగారు, మౌనం వదిలి.

"నిద్దట్లో ఊ అంటే మెలకువొచ్చినట్టా?" అన్నారు మామగారు.

"ఇన్నేళ్ళుగా ఇస్తున్నాను. ఏనాడైనా చుక్క ఒలికిందా?"

"ఇన్నేళ్ళూ నీ దండకం పూర్తయ్యేసరికి మెలకువొచ్చేది! ఇవాళ మాటా పలుకూ లేకుండా చేతిలో కుక్కితే ఎట్లా?"

నేల తుడుస్తున్న కోడలి చెయ్యి ఆగిపోయింది. గుడ్డ అక్కడే వదిలేసి గదిలోకి నడిచింది.

డ్రైవరూ అంతే. లేవమంటుంది, ఆ వెంటనే పని చేతిలో పెడుతుంది. ఆ దండగ మాట రాయడానికి పట్టే రెప్పపాటులోనే ఇన్నాళ్ళూ కార్డు కళ్ళు తెరిచేది. ఆ మాట రాసినవాడికీ ఈ సంగతి తెలిసుండదు. లేపాక 'లేచావా' అని కార్డునే అడగాలి, అవునన్నాకే పని ఇవ్వాలి, ఎంతకీ అనకపోతే లేవలేదని కంప్యూటరుకి చెప్పాలి. అలా రాసి పంపింది. ఈసారి కార్డు ఎన్ని కునుకులు తీసినా పిలవగానే పలికింది.

"ఎలా పట్టుకున్నారు మేడమ్?"

"మామయ్య ఒళ్ళో టీ ఒలికింది."

"సరే... ఇంకో డ్రైవర్ ఉంది, అదీ మీరే చూడండి," అన్నాడు టీమ్ లీడర్.

మర్నాడు టీ వేళకి అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. "నేను మాట్లాడొచ్చా? లేక నీ కార్డుని అడిగినట్టు ఆయన్నీ ఒక్క ముక్క అడిగి ఇచ్చేస్తే చాలా?"

"కార్డుకైతే చాలత్తయ్యా. మామయ్య సంగతి నాకేం తెలుసు! మాట్లాడండి."

"ఏమండీ, లేవండి, ఏం నిద్రండీ ఇది, పొద్దు వాలిపోయింది..." దండకం మొదలైంది. కోడలు టైపు చేయడం ఆపి విన్నది. 'పొద్దు' దగ్గరే మామగారి చెయ్యి కప్పు కోసం ముందుకి సాగింది. అయినా అత్తగారు ఇంకాసేపు మాట్లాడారు, ఆయన వింటూ ఉన్నారు.

ఆ మిగతా మాటలు దేనికని కోడలు అడగలేదు.