భూతకాలంలో సీమోను

కుక్కర్‌కు నాలుగు విజిల్స్ వచ్చాయని నేను, మూడేనని మా ఆయన సీమోను. నేను స్టవ్ కట్టేశాను. ఆయన మళ్లీ వెలిగించాడు.

"నీ చెవులు టర్కీల ఉన్నయి. ఇక్కడి విజిల్ ఏం ఇనబడ్తది?"

"నువ్వు పేపర్ చదువుకుంట లెక్కవెట్టినవా?"

"పప్పు పలుకుంటే నా పండ్లే చెప్తయి తియ్యి."

ఆయన మాటలో నిజం లేకపోలేదు. పొయ్యి ముందు నిలబడి నేను వల్లె వేస్తున్నాను. గెల్దిమ్, వచ్చాను. ఒకుదుమ్, చదివాను. ఇచ్తిమ్, తాగాను. టర్కీ భాషలో జరిగిపోయినదాన్ని చెప్పాలంటే క్రియకు చిన్న తోక తగిలించాలి. క్రియలోని అచ్చును బట్టి తోకలో అచ్చు మారుతుంది. కొన్ని హల్లుల పక్కన ద కాస్తా త అవుతుంది. ఎప్పుడో డిగ్రీలో చదివిన సంధులు గుర్తొచ్చి, ఆ పాఠం మీద నాకు ప్రేమ పుట్టింది.

కరీంనగర్‌లో ఉండే మా వదిన కూతురు హెప్సిబా ఒక టర్కీ బట్టల కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. ఆ పని కోసం ఆన్‌లైన్ క్లాసులో చేరుతూ, "ఒక్కదానికి బుద్ధి పుడ్తలేదత్తా, నువ్వు గూడ రా" అని నన్నూ లాక్కెళ్లింది.

ఆ సోమవారం టీచర్, జీవితంలో జరిగిన ఒక సంగతిని ఒక్క నిమిషం చెప్పమన్నారు. నా వంతు వచ్చేసరికి నాకు ఏదీ జరగనట్టే అనిపించింది. వంట చేశాను, బట్టలు ఆరేశాను అని ఇరవై మంది ముందు చెప్పడానికి నోరు రాలేదు. మా చర్చిలో శుక్రవారం స్త్రీల కూడికలో సాక్ష్యాలు చెబుతారు. ముందు చీకటి చెప్పాలి, తర్వాత వెలుగు. చీకటి ఎంత చిక్కగా ఉంటే హల్లెలూయా అంత గట్టిగా వస్తుంది. నలుగురిలో నిలబడి తన గురించి చెప్పుకోవడమంటే నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. కిందటి శుక్రవారం నవత చెప్పిన సాక్ష్యం ఇంకా చెవుల్లో ఉంది. దానికి కావలసిన క్రియలన్నీ నాకు వచ్చు.

నా భర్త తాగాడు. నన్ను కొట్టాడు. నేను ఏడ్చాను. దువా ఎత్తిమ్, ప్రార్థన చేశాను. ఆయన మానేశాడు.

ఒక్క తోకా తప్పలేదు. టీచర్ కళ్లు తడిశాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నవత ఏడుపును నాది చేసుకున్నానని, సీమోను నా మీద ఎన్నడూ చెయ్యి ఎత్తలేదని నాకు తెలుసు. తెలిసే ఆ చప్పట్లు చివరిదాకా విన్నాను. హెప్సిబా మాత్రం కొట్టలేదు.

గురువారం సాయంత్రం వదిన బెల్లంపల్లిలో రైలు దిగి, మా పాస్టర్ ఎబినేజర్ అయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏందక్కా, చెప్పకుంట వస్తివి!" అని సీమోను సంబరపడ్డాడు. వదిన ఆయన ముఖం చూడలేదు. ఇంట్లో ప్రార్థన చేసుకుందామన్నారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చి మోకాళ్లూనాడు. అయ్యగారు ఆయన తల మీద చెయ్యి పెట్టారు.

"ప్రభువా, ఈ సహోదరుడు విడిచిపెట్టిన తాగుడు మళ్లీ ఈ గడప తొక్కకుండా కాపాడు. భార్యపై లేచిన ఈ చేతులను పరిశుద్ధపరచు."

సీమోను భుజాలు బిగుసుకున్నాయి. అయ్యగారి చేతి కింద నుంచి లేవడం మర్యాద కాదని ఆగినట్టున్నాడు. ఆపవలసింది నేను. ఆపలేదు. ప్రార్థన ముగిశాక వదిన "ఆమెన్" అంది. అలవాటుగా నేనూ "ఆమెన్" అన్నాను.

అప్పుడు ఆయన కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

మంచినీళ్ల వంకతో నా వెనకే వంటింట్లోకి వచ్చి, సంగతేమిటని అడిగాడు. గొంతు తగ్గించి అంతా చెప్పాను.

"నవత ముచ్చట దెచ్చి నా మీదేసినవా?"

"నాకు చెప్పుకునేటందుకు ఏం దొరకలే."

"క్లాసుల ఎవరేమనుకున్నా నాకు ఫికర్ లేదు. మా అక్క నా చేతులు చూస్తుంది దెబోరా. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి." గ్లాసు పట్టుకునే నిలబడ్డాడు. "చెప్తే చెప్పినవ్. ఆమెన్ ఎందుకన్నవ్?"

నేను కంచాలు అందుకున్నాను.

భోజనాలకు కూర్చున్నారు. "తినరా తమ్మీ, మానినోళ్లకు ఆకలి ఎక్కువైతదట" అంటూ వదిన ఆయన కంచంలో కూర వేసింది. సీమోను అన్నం కలుపుతూనే ఉన్నాడు, నోట పెట్టలేదు. నేను గంటె కింద పెట్టాను.

"వదినా, మీ తమ్ముడు ఎన్నడు తాగలే. నన్ను కొట్టలే. నేను అబద్ధం చెప్పిన."

వదిన నా చెయ్యి పట్టుకుంది. "మొగని పరువు కోసం గిట్ల అంటున్నవ్ బిడ్డా. నాకు తెల్వదా?"

"భయపడకమ్మా" అన్నారు అయ్యగారు.

ఒక్క నిమిషంలో చెప్పిన అబద్ధాన్ని అందరూ నమ్మారు. ఇప్పుడు నిజం చెబితే అది భార్య ఓర్పు అయిపోయింది. సీమోను తల ఎత్తలేదు.

"భయం కాదయ్యగారూ, సిగ్గు. రేపు కూడికల నేను లేసి, నవత ముంగటనే చెప్త, ఆమె సాక్ష్యం దొంగిలించిన అని. సోమవారం క్లాసుల గూడ చెప్త, హెప్సిబా ఇనంగ. మీరు రేపు ఊరికి పోకుండ్రి వదినా. నా పక్కన గూసొని ఇన్నంకనే పోండ్రి."